60 కొట్టేసి 48 రాసినందుకు: ఒక హోదా తగ్గింపు కేసు

ఆమె నా దగ్గరకు వచ్చేసరికి 45 రోజుల గడువులో 38 రోజులు గడిచిపోయాయి.

చెన్నై తంబుచెట్టి వీధిలో మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది, లిఫ్టు లేదు. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే ఆమె భుజాన ఉన్న పసుపుపచ్చ గుడ్డసంచి దించి, అందులోని కాగితాలు బల్ల మీద వరసగా పేర్చారు. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇస్తారే, ఆ సంచి. అన్నిటికన్నా పైన శిక్ష ఉత్తర్వు, దాని కింద విచారణ నివేదిక, ఆ కింద ఛార్జ్ మెమో, అంటే అభియోగాల పత్రం. అట్టడుగున, ప్లాస్టిక్ కవరులో విడిగా, ఒక ఫైలు నోటు జిరాక్సు.

"సార్, మీరు ముందు అడుగున ఉన్నది చదవండి" అన్నారు.

నేను పైన ఉన్నదే ముందు తీశాను. ఉత్తర్వు చేతికి అందిన తేదీ చూడకుండా కథ వినకూడదన్నది మా లాయర్ల వృత్తిలో పాత అలవాటు. కేంద్ర సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు 1965లో 25వ నియమం ప్రకారం ఉత్తర్వు ప్రతి అందిన రోజు నుంచి 45 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, మన్నించేది ఆ శాఖవారే కదా. వాళ్ల దయ మీద కేసు మొదలుపెట్టడం నాకు ఇష్టముండదు.

ఇది రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. మనిషిని, కార్యాలయాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. నియమాలకు సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఆమెది సూళ్లూరుపేట. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాసి ఎల్డీసీగా, అంటే లోయర్ డివిజన్ క్లర్కుగా చేరారు. తర్వాత యూడీసీ, అంటే అప్పర్ డివిజన్ క్లర్కు అయ్యారు. ఇరవై ఏళ్లు దాటాక ఆఫీసు సూపరింటెండెంట్ అయ్యారు. చెన్నైలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్సు చూసేవారు. ఉత్తర్వు ఆమెను మూడేళ్లపాటు మళ్లీ యూడీసీని చేసింది. ఆ 1965 నియమాల్లో 11వ నియమంలో శిక్షలన్నీ చిన్నవాటి నుంచి పెద్దవాటికి మెట్లు మెట్లుగా ఉంటాయి. రాతలో మందలించే అభిశంసనతో మొదలై డిస్మిస్‌తో ముగుస్తాయి. ఆమెకు పడినది ఆ వరసలో ఆరో అంకె కింద ఉన్నది. ఆ తర్వాత మిగిలినవి మూడే, మూడూ ఉద్యోగాన్నే తీసేసేవి.

జీతం ఆరో లెవెల్ నుంచి నాలుగో లెవెల్‌కు దిగింది. ఏడో వేతన సంఘం పట్టికలో ఆరో లెవెల్ మొదలయ్యేది 35,400తో, నాలుగోది 25,500తో. ఆ నష్టం లెక్క కడుతుంటే ఆమె ఆపారు. "జీతం సంగతి తర్వాత చూద్దాం సార్. నిన్నటిదాకా నాకు ఫైలు పెట్టిన అబ్బాయికి ఇవాళ నేను ఫైలు పెడుతున్నాను" అన్నారు.

హోదా తగ్గింపు కేసు వస్తే నేను మొదట చూసేవి రెండు. ఒకటి, పై పోస్టు రెగ్యులర్ పదోన్నతా, తాత్కాలికమా? తాత్కాలికంగా పైన కూర్చోబెట్టినవారిని కిందకు దించితే అది శిక్ష కిందకే రాదని శాఖ వాదిస్తుంది. 1957లో ధింగ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పరీక్ష ఇప్పటికీ అదే: ఆ పోస్టు మీద ఉద్యోగికి హక్కు ఉందా, దించడం వల్ల శిక్షలాంటి ఫలితాలు వచ్చాయా. ఈమెది పదోన్నతుల కమిటీ సిఫార్సుపై వచ్చిన రెగ్యులర్ పోస్టు కాబట్టి ఆ గొడవ లేదు. రెండోది, నేరుగా ఏ పోస్టులో చేరారు? నేరుగా చేరిన పోస్టు కన్నా కిందకు ఎవరినీ దించడానికి వీల్లేదని 1988లో న్యాదర్ సింగ్ కేసులో తేలింది. ఈమె అడుగు నుంచి వచ్చినవారు కాబట్టి ఆ రక్షణ ఇక్కడ పనికిరాదు. పనికిరాదని తెలుసుకోవడం కూడా పనే. లేకపోతే ఎవరో ఒకరు అప్పీలులో దాన్ని ఇరికిస్తారు, అవతలివారు దాన్నొక్కదాన్నే పట్టుకుని జవాబు రాస్తారు.

ఆ తర్వాతే అడుగున ఉన్న కాగితం చదివాను.

ఇంగ్లీషులో మూడే మూడు వాక్యాలు. గుత్తేదారు ప్రింటర్ టోనర్లు 60 పంపినట్టు చలానా ఉంది. విప్పి లెక్కపెట్టగా 48 మాత్రమే ఉన్నాయి, 12 డబ్బాలు ఖాళీ. 60కి ధ్రువీకరణ ఇవ్వలేను, ఆదేశాలకై సమర్పిస్తున్నాను. కింద సంతకం, తేదీ. ఒక్క విశేషణం లేదు, ఎవరి మీదా అనుమానం లేదు. సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 208వ నియమం వచ్చిన సరుకును లెక్కపెట్టాలి, కొలవాలి, తూచాలి, కంటితో పరీక్షించాలి అంటుంది. ఆమె చేసింది అంతవరకే.

ఆ నోటు తేదీని సున్నా రోజుగా పెట్టుకుని ఒక తెల్లకాగితం మీద మిగతా తేదీలు రాయమన్నాను. ప్రతి తేదీకి పక్కన ఒక కాగితం ఉండాలి, కాగితం లేనిది రాయకూడదు. అరగంటలో రాశారు. 9వ రోజున పై అధికారి గదిలోకి పిలిచి, "సంతకం పెట్టేయండి, మిగతావి తర్వాత పంపుతారు" అన్నారు. దీనికి కాగితం లేదు, కొట్టేయించాను. 12వ రోజున, ఆ మాట లిఖితపూర్వకంగా ఇవ్వండి అని ఆమె పెట్టిన అర్జీ ఉంది, దాని మీద అందినట్టు ముద్ర ఉంది. కాబట్టి 9వ రోజు వెనక్కి తిరిగొచ్చింది. 19వ రోజున స్టోర్సు నుంచి రికార్డు గదికి మార్చారు. 44వ రోజున, మూడేళ్ల కిందటి ఒక గైర్హాజరుపై వివరణ అడుగుతూ మెమో. 97వ రోజున 1965 నియమాల్లో 14వ నియమం కింద పెద్ద శిక్షకు ఛార్జ్ మెమో.

అప్పీలులో కక్ష గురించి నేను పెట్టిన సరుకు దాదాపు ఇంతే, ఈ ఒక్క కాగితం. అంతకన్నా చాలా పెట్టాలని ఆమె అనుకున్నారు. ఆ సంగతికి వస్తాను.

అభియోగాలు మూడు. మొదటిది, స్టాక్ రిజిస్టరులో అంకె దిద్దారు. రెండోది, పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించారు. మూడోది, అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్, అంటే పనిచేసే ఊరు, వదిలి వెళ్లారు.

చివరిది ముందు చెబుతాను, ఎందుకంటే అది నిజం. తల్లికి బాగోలేదని ఆదివారం సాయంత్రం సూళ్లూరుపేట లోకల్ ఎక్కారు, సోమవారం తిరిగి రాలేకపోయారు, సెలవు చీటీ మంగళవారం ఇచ్చారు. విచారణలో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదైంది. నిజమైన చిన్న తప్పును బుకాయించేవారు నిజమైన పెద్ద ఫిర్యాదు చేసినా ఎవరూ నమ్మరు.

రెండోదానికి జవాబు ప్రవర్తనా నియమాలు 1964లోనే ఉంది. 3వ నియమం ప్రకారం పై అధికారి ఆదేశం మామూలుగా రాతలో ఉండాలి. తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాసి ధ్రువపరచాలి. కింది ఉద్యోగి కూడా దాన్ని రాతలో అడిగి తీసుకోవాలి. ఆమె అడిగారు, ఆయన ఇవ్వలేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆయనే, "నోటిమాటగా చెప్పాను, రాసి ఇవ్వాల్సిన అవసరం కనిపించలేదు" అన్నారు. విచారణాధికారి ఆ వాక్యాన్ని యథాతథంగా నివేదికలోకి ఎక్కించి, రుజువు కాలేదని తేల్చారు.

ఇక మొదటిది. కేసంతా ఆ ఒక్క గడిలో ఉంది.

ఛార్జ్ మెమోతో పాటు జతచేసిన జిరాక్సులో రిజిస్టరు పేజీ చూస్తే ఎవరైనా అనుమానిస్తారు. "వచ్చిన సంఖ్య" గడిలో నల్లగా ఒక ముద్ద, దాని మీద 48. కింద ఏదో చెరిపేసినట్టే ఉంటుంది. విచారణలో లాయరును రానివ్వరు. శాఖ తరఫున లాయరు ఉంటే తప్ప, లేదా ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, తోటి ఉద్యోగినో రిటైరైన ఉద్యోగినో సహాయకుడిగా పెట్టుకోవాలి. ఈమెకు దొరికిన డిఫెన్స్ అసిస్టెంట్ రిటైరైన సూపరింటెండెంటు. చెవులు సరిగా వినిపించవు, రెండు పేజీల పిటిషను రాయమంటే మూడు రోజులు తీసుకుంటారు. కానీ అసలు రిజిస్టరు బల్ల మీదకు రాకుండా ఒక్క ప్రశ్న కూడా అడగనని భీష్మించుకుని కూర్చున్నారట. రెండు వాయిదాల తర్వాత రిజిస్టరు వచ్చింది.

అసలు పేజీలో గుమాస్తా చలానా చూసి నీలం సిరాతో రాసిన 60 ఉంది. దాని మీద స్కేలు పెట్టి గీసిన ఒకే ఒక ఎర్ర గీత. 60 స్పష్టంగా చదవడానికి వస్తుంది. పక్కన ఎర్ర సిరాతోనే 48, పొట్టి సంతకం, తేదీ. రిజిస్టరులో తప్పు ఎలా సరిచేయాలో ఏ ఆఫీసులోనైనా కొత్తగా చేరిన గుమాస్తాకు నేర్పే పద్ధతి ఇదే. అరిగిపోయిన జిరాక్సు యంత్రంలో ఎర్రా నీలమూ ఒకటై నల్ల ముద్దయ్యాయి. విచారణాధికారి ఒరిజినల్ చూసి, దిద్దడం కాదు, సరిచేయడం అని రాశారు. ఈ కేసును నిలబెట్టింది ఆ చెవిటి పెద్దాయనే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడింట్లో రెండు రుజువు కాలేదు. ఒకటి రుజువైంది, అది ఒక సోమవారం సెలవు. మరి హోదా తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చింది?

శిక్ష వేసే క్రమశిక్షణాధికారి విచారణాధికారితో విభేదించారు. విభేదించే హక్కు ఆయనకు ఉంది, అందులో సందేహం లేదు. కాని దానికొక పద్ధతి ఉంది. 1998లో పంజాబ్ నేషనల్ బ్యాంకు, కుంజ్ బిహారీ మిశ్రా కేసులో, మరుసటి ఏడాది యోగీనాథ్ బాగ్డే కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేటతెల్లం చేసింది. 1965 నియమాల్లో 15వ నియమం కూడా అదే చెబుతుంది. ఎందుకు విభేదిస్తున్నారో కారణాలు రాయాలి, అవి ఇంకా తుది అభిప్రాయం కాకుండా ఉండాలి, నివేదికతో పాటు ఉద్యోగికి పంపాలి, జవాబుకు 15 రోజులు ఇవ్వాలి, జవాబు చదివాక నిర్ణయించాలి. ఈమెకు వచ్చిన లేఖలో ఉన్నది ఒకటే వాక్యం: 1, 2 అభియోగాలు కూడా రుజువైనట్టు నిర్ధారణకు వచ్చాను, మీరు చెప్పుకునేది ఉంటే 15 రోజుల్లో చెప్పుకోండి. కారణాలు లేవు. నిర్ధారణ మాత్రం అయిపోయింది.

ఆ వాక్యం చదివినప్పుడే ఉత్తర్వు పడిపోతుందని నాకు నమ్మకం కలిగింది. ఆమెకు చెబితే ముఖం చిన్నబోయింది. "అంటే, నామీద కక్షగట్టారని కాకుండా, ఒక ఉత్తరం సరిగా రాయలేదని గెలుస్తామా సార్?" అని అడిగారు.

అవునన్నాను.

ఆమె అప్పటికే సొంతంగా ఒక అప్పీలు రాసుకొచ్చారు. 19 పేజీలు. కక్ష, పగ అన్న మాటలు పేజీకి ఒకసారైనా ఉన్నాయి. దుర్యోధనుడు రెండుసార్లు, శకుని ఒకసారి వచ్చారు. పోలిక తప్పని నేననను. కాని 26వ నియమం అప్పీలులో అగౌరవకరమైన, అనుచితమైన భాష ఉండకూడదంటుంది. వాదించదలచినదంతా అందులోనే ఉండాలని కూడా అంటుంది. శకుని ఆ మొదటి షరతు దాటలేడు. ఏడు రోజుల్లో దాన్ని ఆరు పేజీలకు తెచ్చాం. ప్రతి సాయంత్రం ఆఫీసు అయ్యాక వచ్చేవారు. నేను కొట్టేసిన ప్రతి పేరాకు కారణం అడిగేవారు. కొన్నిటికి నా దగ్గర చెప్పగలిగిన కారణం ఉండేది, కొన్నిటికి విసుగు మాత్రమే ఉండేది. ఉత్తర్వు అందిన 44వ రోజున అది అప్పీలు అధికారికి, ప్రతి క్రమశిక్షణాధికారికి చేరింది.

కక్ష వాదన ఎందుకంత కష్టమో చెప్పాలంటే మా హైకోర్టుకు కూతవేటు దూరంలో ఉన్న సెయింట్ జార్జి కోటకు వెళ్లాలి. అక్కడ తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉన్న రాయప్పను 1971లో ఆ కుర్చీ నుంచి తప్పించి వేరే పోస్టులకు మార్చారు. ముఖ్యమంత్రికి తనపై దురుద్దేశం ఉందని ఆయన సుప్రీంకోర్టుకు ఎక్కారు. 1973లో ఓడిపోయారు. దురుద్దేశం ఆరోపించడం తేలిక, నిరూపించడం కష్టం, ఆ భారం ఆరోపించినవారి నెత్తిన చాలా బరువుగా ఉంటుంది అన్నది ఆ తీర్పు. అనుమానాలు ఎన్ని పోగేసినా రుజువు కాదు. రాష్ట్రంలో అతి పెద్ద ఉద్యోగి మోయలేకపోయిన బరువది. స్టోర్సు సూపరింటెండెంటు ఎలా మోస్తారు? చిత్రమేమిటంటే, ఏకపక్షంగా చేసే ఏ పనైనా సమానత్వ హక్కుకు విరుద్ధమే అన్న సూత్రం పుట్టింది కూడా అదే తీర్పులో. రాయప్పకు పనికిరాని ఆ మాట ఆయన తర్వాత కొన్ని వేలమందికి పనికొచ్చింది.

సమాచారం బయటపెట్టినవారిని కాపాడే చట్టం లేదా అని ఆమె కొడుకు అడిగాడు. కుర్రాడు ఇంజినీరు, ఫోనులో వెతికి వచ్చాడు. ఉంది, 2014లో రాష్ట్రపతి ఆమోదం కూడా పొందింది, కాని అమల్లోకి తెస్తూ ప్రకటన రాలేదు. అంతకుముందు, హైవే పనుల్లో అవినీతిని బయటపెట్టిన సత్యేంద్ర దూబే హత్య తర్వాత, 2004లో కేంద్రం ఒక తీర్మానం చేసింది. దాని కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు మూసిన కవరులో ఫిర్యాదు పంపితే పేరు రహస్యంగా ఉంచుతారు, వేధింపుల నుంచి రక్షణ కోరవచ్చు. ఈమె కవరు పంపలేదు. తన పని తాను చేస్తూ ఫైలు మీద నోటు రాశారు. మూసిన కవరుకు ఉన్న రక్షణ తెరిచిన ఫైలుకు లేదు.

అప్పీలు అధికారి ఆరు నెలలు ఏమీ మాట్లాడలేదు. 27వ నియమం ఆయన్ను చూడమన్నవి మూడే: పద్ధతి పాటించారా, నిర్ధారణలకు సాక్ష్యం ఉందా, శిక్ష తగిన స్థాయిలో ఉందా. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు కాబట్టి ఆమె ఆ ఆరు నెలలూ యూడీసీ కుర్చీలోనే ఉన్నారు. పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం 1985లో 20వ సెక్షను ఈ మౌనానికి మందు. ఆరు నెలలు దాటితే అప్పీలు దారి అయిపోయినట్టే లెక్క, ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడి నుంచి ఏడాది లోపు వెళ్లాలి. మేం మర్నాడే వెళ్లాం. కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ మద్రాసు బెంచికి ఫీజు 50 రూపాయలని చెబితే ఆమె నమ్మలేదు, రసీదు అడిగి తీసుకున్నారు.

దావా పడిన మూడు వారాలకు అప్పీలు అధికారికి మెలకువ వచ్చింది. ఒకే పేరా. అన్ని అంశాలను జాగ్రత్తగా పరిశీలించాను, జోక్యానికి కారణం కనబడలేదు. ఏ అంశాలు, ఏ పరిశీలన అన్నది లేదు. అప్పీలు ఉత్తర్వుకు కారణాలు ఉండాలని 1986లో రామ్ చందర్ కేసులో రైల్వే ఉద్యోగి విషయంలో సుప్రీంకోర్టు చెప్పి ఇన్నేళ్లయినా ఈ ఒక్క పేరా మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని కూడా సవాలు చేస్తూ అర్జీ సవరించాం.

ఇక్కడ నేను తీసుకున్న ఒక నిర్ణయం గురించి చెప్పాలి. అది సరైనదేనా అన్నది నాలో ఇంకా నలుగుతూనే ఉంది. ఒక అధికారికి దురుద్దేశం ఉందని అంటే ఆయన్ను పేరుపెట్టి ప్రతివాదిగా చేర్చాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1991లో పి.పి. శర్మ కేసు తర్వాత ఇందులో మినహాయింపు ఆశించడం వృథా. చేర్చకపోతే ఆ వాదనను ట్రిబ్యునల్ ముట్టుకోదు. చేర్చితే, అప్పటికే వేరే ఊరికి బదిలీ అయిన మనిషికి నోటీసు అందాలి, ఆయన విడిగా లాయరును పెట్టుకోవాలి, విడిగా జవాబు వేయాలి. శిక్ష మూడేళ్లది. ఒక్కో వాయిదాకు రెండు నెలలు పోతే, గెలిచేనాటికి శిక్షే పూర్తవుతుంది. నేను చేర్చలేదు. ఇచ్చిన అధికారాన్ని దేనికి ఇచ్చారో దానికి కాకుండా మరోదానికి వాడారు అన్నంతవరకే వాదన పెట్టాను. మనిషి మనసులో పగ నిరూపించనక్కరలేని వాదన అది.

"ఆయన పేరు లేకుండా నా కేసేమిటి సార్?" అన్నారు ఆమె. రెండు వారాలు ఫోను చేయలేదు.

ఈలోగా సమాచార హక్కు దరఖాస్తు తన దారిన నడుస్తోంది. నా దగ్గరకు వచ్చిన వారంలోనే వేయించాను, ఫీజు 10 రూపాయలు. క్రమశిక్షణ ఫైలు మొత్తం, టోనర్ల బిల్లు ఫైలు మొత్తం తనిఖీ చేయాలి, ప్రతులు కావాలి అని. శాఖ విచారణలో ఈ బిల్లు ఫైలునే అడిగితే సంబంధం లేదని తోసిపుచ్చారు. సమాచార అధికారి కూడా దర్యాప్తుకు అడ్డొస్తుందని 8వ సెక్షను చూపించి తిరస్కరించారు. శిక్ష వేసేశాక ఇంకా ఏ దర్యాప్తు మిగిలిందని మొదటి అప్పీలులో అడిగాం. ఆ అప్పీలు చూసినవారు సూటిగా ఆలోచించే మనిషి, ఇవ్వమన్నారు. తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆపైన గంటకు 5 రూపాయలు. ఆమె రెండు గంటలు కూర్చుని, పేజీకి 2 రూపాయల చొప్పున 31 పేజీలు తీసుకున్నారు.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఫోను వచ్చింది. "సార్, బిల్లు 48కే పాస్ చేశారు."

సున్నా రోజు నుంచి 71వ రోజున, అంటే ఛార్జ్ మెమోకు 26 రోజుల ముందే, గుత్తేదారుకు 48 టోనర్లకే డబ్బు చెల్లించారు. ఆమోదించిన సంతకం ఆ పై అధికారిదే. ఆమె అంకె నిజమని ఒప్పుకుని ఒక ఫైలు మీద డబ్బు ఆపారు, అదే అంకె రాసినందుకు ఇంకో ఫైలు మీద శిక్ష మొదలుపెట్టారు. ఆమె మూడేళ్లుగా చెబుతున్నదంతా ఈ రెండు తేదీల మధ్య ఉంది.

కాని నన్ను కుర్చీలోంచి లేపింది ఆ పేజీ కాదు, క్రమశిక్షణ ఫైలు నోట్ షీట్లు, అంటే ఫైలు నడుస్తుండగా అధికారులు తమ నోట్లు రాసి సంతకం పెట్టే పేజీలు. విభేదిస్తూ పంపిన లేఖకు జవాబు గడువు 15 రోజులు. ఆమె జవాబు 14వ రోజున అందింది, ముద్ర ఉంది. శిక్ష ఉత్తర్వు ముసాయిదా 9వ రోజున ఫైలులో పెట్టారు. 11వ రోజున "ఆమోదించడమైనది" అన్న సంతకం పడింది. ఆ ముసాయిదా రెండో పేరాలో, ఉద్యోగి ఇచ్చిన జవాబును జాగ్రత్తగా పరిశీలించాను, సంతృప్తికరంగా లేదు, అని ఉంది. ఇంకా రాని జవాబును పరిశీలించి, అది బాగా లేదని తేల్చారు. జారీ అయిన ఉత్తర్వులోనూ ఆ పేరా ఒక్క అక్షరం మారలేదు.

ట్రిబ్యునల్‌లో విచారణ రోజు శాఖ తరఫు లాయరు బాగానే వాదించారు. ఆయన బలమంతా మూడో అభియోగం మీద. ఒక్క అభియోగం రుజువైనా, దానికి ఆ శిక్ష వేసే అధికారం ఉంటే, కోర్టులు జోక్యం చేసుకోరాదని 1960ల నాటి బిద్యాభూషణ్ మహాపాత్ర కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఈ తీర్పు ఉద్యోగుల లాయర్లందరికీ నిద్రలో కూడా గుర్తొచ్చేది. సోమవారం ఒక్కరోజు రానందుకు హోదా తగ్గిస్తారా అని నేను అడగవచ్చు, కాని శిక్ష ఎక్కువైందన్న వాదన మనస్సాక్షిని కుదిపేస్తే తప్ప నిలవదు. అందుకని అటు వెళ్లకుండా నోట్ షీటు ఇచ్చాను. మూడు అభియోగాలను కలిపి తూచి శిక్ష వేశానని ఉత్తర్వే చెబుతోంది, అందులో రెండింటి తూకం జవాబు రాకముందే జరిగింది, అన్నాను.

ఇద్దరు సభ్యుల్లో పరిపాలనా విభాగం నుంచి వచ్చినవారు ఆ పేజీని చాలాసేపు చూశారు. ముందుచూపుతో ముసాయిదా తయారు చేసి పెట్టుకోవడం ఆఫీసుల్లో మామూలే అన్నారు శాఖ లాయరు. "ముసాయిదా సరే, ఆమోదం కూడా ముందుచూపేనా?" అని అడిగారు ఆ సభ్యులు. జీవితమంతా ఫైళ్లు నడిపినవారికి నోట్ షీటు మీద తేదీ ఎంత మాట్లాడుతుందో మాలాంటివాళ్లు చెప్పనక్కరలేదు.

ఉత్తర్వు మూడు వారాల్లో వచ్చింది. 15వ నియమాన్ని ఉల్లంఘించారు కాబట్టి శిక్ష, అప్పీలు ఉత్తర్వులు రెండూ రద్దు. విభేదించదలచుకుంటే కారణాలతో మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టుకోవచ్చు, మూడు నెలల్లో ముగించాలి. ఈలోగా ఆమె తన పోస్టులో ఉంటారు, బకాయిలు తుది ఫలితాన్ని బట్టి. దురుద్దేశం గురించి ఒక్క వాక్యం: సంబంధిత అధికారి ప్రతివాదిగా లేనందున ఆ అంశంలోకి వెళ్లడం లేదు. శిక్ష పడిన నాటి నుంచి అప్పటికి రెండేళ్ల ఒక నెల. మూడేళ్ల శిక్షలో అంత భాగం ఆమె అనుభవించేశారు.

కొత్తగా వచ్చిన క్రమశిక్షణాధికారి విచారణ నివేదికను ఉన్నదున్నట్టు ఒప్పుకుని, ఆ సోమవారానికి అభిశంసన ఇచ్చి ఫైలు మూసేశారు. బకాయిలు రెండు బిల్లులుగా వచ్చాయి. స్టోర్సు మాత్రం తిరిగి ఇవ్వలేదు, అది కోర్టు ఇప్పించగలిగేది కాదు. అభిశంసన మీద అప్పీలు వేద్దామా అని అడిగాను. వద్దన్నారు. "ఆ రోజు నేను రాలేదు కదా సార్."

ట్రిబ్యునల్ ఉత్తర్వు ధ్రువీకరించిన ప్రతి తీసుకోవడానికి మళ్లీ అదే సంచితో మెట్లెక్కి వచ్చారు. కూర్చుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు, వేలు పెట్టి, వరస తప్పకుండా. "కక్ష అన్న మాట ఎక్కడా లేదు" అన్నారు. లేదన్నాను. ఆయన పేరు చేర్చి ఉంటే ఉండేదా అని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

మళ్లీ వెనక్కి తిప్పారు. కేసు పూర్వాపరాలు రాసిన నాలుగో పేరాలో, అర్జీదారు లెక్కించగా సరుకు 48గా తేలినదని, బిల్లు కూడా 48కే చెల్లించినట్టు రికార్డులో ఉన్నదని ఒక వాక్యం ఉంది. వాదనలో భాగం కాదు, ఫలితంతో సంబంధం లేదు, ట్రిబ్యునల్ ఊరికే నమోదు చేసినది. ఆమె సంచిలోంచి పెన్నుల డబ్బా తీశారు. నా బల్ల మీది స్కేలు అడిగి తీసుకుని, ఆ అంకె కింద ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. పక్కన పొట్టి సంతకం పెట్టి, తేదీ వేశారు.

ధ్రువీకరించిన ప్రతి మీద రాయకూడదని చెప్పబోయి ఊరుకున్నాను.